కంటికి దగ్గర, గుండుకు దూరం

మలికిపురంలో కొబ్బరితోట ఉన్న ఒక రైతుకి కొడుకు, అల్లుడు ఇద్దరూ అమెరికాలోనే ఉండేవారు. టెక్సస్ రాష్ట్రంలో ఉద్యోగాలు. సంక్రాంతి వెళ్ళాక తోటని తమ్ముడికి అప్పజెప్పి, ఆయన పిల్లల్ని చూడ్డానికి వెళ్ళాడు. ఆయన వెళ్ళేసరికి బావాబావమరుదులిద్దరికీ కొత్త సరదా పట్టుకుని ఉంది: అడవి టర్కీ కోడి వేట.

మన దగ్గర ఈ కథ జరగదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వశిష్ఠ గోదావరి ఒడ్డున వాలే పిట్ట మీద గురిపెట్టినా నేరమే, అలా ఉండటమే మంచిది. టెక్సస్‌లో వసంతకాలంలో కొన్ని వారాలు, లైసెన్సు తీసుకున్నవాళ్ళకి, లెక్క ప్రకారం ఆ వేటకి అనుమతి ఉంది. అడవి టర్కీ నెమలి కుటుంబానికి చెందిన పక్షి. మగది తెల్లవారకుండానే చెట్టు మీంచి కూత పెడుతుంది. దిగాక పురి విప్పుకుని పెట్టని వెతుక్కుంటూ నడుస్తుంది. వేటగాడు ఆకురంగు బట్టలు తొడుక్కుని, చెట్టుకి వీపు ఆనించి కూర్చుని, పెట్టలా కూసి దాన్ని దగ్గరికి పిలుస్తాడు. దాని కళ్ళు తలకి రెండు పక్కలా ఉంటాయి, రంగులు బాగా పోలుస్తుంది, చిటికెనవేలు కదిలినా పసిగడుతుంది. ఒంటిమీద ఈకలు దట్టం కాబట్టి తలకీ మెడకీ తగిలేలా కాల్చాలి. ఎగిరే బాతుని కాల్చినట్టు చూపు ఊపులో కాల్చేస్తే కుదరదు, గురి చూడాలి. అందుకే ఈ వేటలో తుపాకి మీద స్కోపు పెట్టుకునేవాళ్ళు ఉంటారు.

అల్లుడు కొన్న స్కోపు చాలా ఖరీదైనది. నాలుగు రెట్ల నుంచి పదహారు రెట్ల దాకా పెద్దది చేసి చూపిస్తుంది. ముందరి అద్దం యాభై మిల్లీమీటర్లు. జీవితకాలం వారంటీ. దూరాన ఉన్న లేళ్ళని రైఫిల్‌తో కొట్టేవాళ్ళ కోసం చేసింది అది. దాన్ని తెచ్చి పన్నెండు బోరు తుపాకి మీద బిగించుకున్నాడు. బావమరిది అసలు పెద్దది చేయని, ఉన్నది ఉన్నట్టు చూపించే చిన్న స్కోపు ఒకటి తెచ్చుకున్నాడు.

"ఒరేయ్, దానికీ ఉత్త కంటికీ తేడా ఏముందిరా? ఆ డబ్బులు దండగ," అన్నాడు బావ.

మావయ్యగారు రెండింటినీ చూశారు. అల్లుడి స్కోపులోంచి వీధి చివర ఇంటి తలుపు గొళ్ళెం కూడా కనిపించింది. "చాలా బావుందండి అల్లుడుగారూ," అని, కాసేపాగి, "తుపాకి బాగా వెనక్కి తంతుందంటారు కదండీ, అది తన్నాక కూడా ఇది ఇలాగే ఉంటుందాండీ?" అని అడిగారు.

"కంపెనీ గ్యారంటీ ఉందండీ మావయ్యగారూ."

ఆయన మరి మాట్లాడలేదు. ఇంటల్లుడి మాటకి ఎదురు చెప్పడం గోదావరి జిల్లాల్లో అలవాటు లేదు.

టెక్సస్‌లో భూమి నూటికి తొంభై పాళ్ళకి మించి ప్రైవేటు ఆస్తే. వేటాడాలంటే ఎవరో ఒకరి పొలంలోకి వాళ్ళ అనుమతితో వెళ్ళాలి. వీళ్ళకి దొరికిన ఆసామి ముసలాయన, మాట తక్కువ మనిషి. ఆయన పెట్టిన షరతు ఒక్కటే: "మీ తుపాకి కాల్చిన కాగితం నాకు చూపించి లోపలికి రండి."

ఆ కాగితం సంగతి చెప్పాలి. ఈ తుపాకిలోంచి వచ్చేది ఒక గుండు కాదు. ఒక తూటాలో వందల కొద్దీ చిన్న పెల్లెట్లు ఉంటాయి. గొట్టం దాటిన దగ్గర్నుంచి అవి విడిపోతూ పోతాయి. నలభై గజాల దూరంలో పెద్ద కాగితం కట్టి, మీద పది అంగుళాల సున్నా గీసి కాలుస్తారు. అందులో వంద పెల్లెట్లు పడితే ఆ దూరానికి ఆ తుపాకి చాలునని అక్కడి వేటగాళ్ళ లెక్క. స్కోపు ఎటు చూపిస్తోందో, గుళ్ళు ఎటు పోతున్నాయో ఆ కాగితం మీద తేలిపోతుంది.

అల్లుడు పాతిక గజాల దూరంలో కాగితం పెట్టి రెండు సార్లు కాల్చాడు. రెండూ సున్నాలోనే పడ్డాయి. భుజం నొప్పి పెట్టింది. "చాలు, నడిమధ్యనే పడ్డాయి కదా," అని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

బావమరిది నలభై గజాల దగ్గర మొదలెట్టాడు. మొదటి నాలుగు బాగానే పడ్డాయి. ఐదో తూటాకి గుళ్ళన్నీ జానెడు ఎడమకి జరిగిపోయాయి. మరలు బిగించాడు. మళ్ళీ రెండు బాగా పడి, మూడోది పక్కకి పోయింది. లోపమంతా స్కోపు లోపలే ఉంది. కొట్టుకి తీసుకెళ్ళి తిరిగిచ్చేసి, కొంచెం డబ్బులు కలిపి, తుపాకి తన్నుని తట్టుకునేలా చేసిన ఇంకోటి తెచ్చాడు. మరలు బిగించి, ప్రతి మర మీదా దాని పక్కన ఇనుము మీదా కలిసేలా భార్య గోళ్ళరంగుతో సన్నగీత గీశాడు. మర ఏమాత్రం తిరిగినా గీత విరిగి కనిపిస్తుంది. రెండు వారాంతాలు పోయి కాల్చాడు. గీతలు విరగలేదు, గుళ్ళు జరగలేదు. అప్పుడు కాగితాన్ని యాభై గజాలకి జరిపాడు. అక్కడ పెల్లెట్లు పల్చబడి, బొమ్మ గీసిన మెడ మీద ఖాళీలు కనిపించాయి. కాగితం మూల మీద పెన్నుతో "40" అని రాసుకున్నాడు.

"ఏంట్రా అది?" అన్నాడు బావ.

"నా తుపాకి మాట అక్కడిదాకేనండి బావగారూ. ఆపైన నేను పూచీ పడను."

అల్లుడి కాగితం చూసి ఆసామి పెదవి విరిచాడు గానీ, పాతిక గజాల లోపలే కాల్చమని చెప్పి ఒప్పుకున్నాడు.

ఏప్రిల్‌లో ఒకరోజు చీకటుండగానే ముగ్గురూ వెళ్ళి ఒకే చెట్ల వరసలో కూర్చున్నారు. మావయ్యగారి చేతిలో తుపాకి లేదు. పెద్దవాడు కాబట్టి మొదటి వంతు అల్లుడిది. వెలుగొచ్చాక మగపక్షి ఒకటి ఖాళీ జాగాలోకి వచ్చి, దూరంగా ఆగిపోయి, పురి విప్పి నిలబడింది. బావమరిది కూస్తున్నాడు గానీ అది దగ్గరికి రావటం లేదు. అరవై గజాలు ఉంటుంది.

అల్లుడు స్కోపు పదహారు రెట్లకి తిప్పాడు. పక్షి అద్దం నిండా వచ్చేసింది. మెడ కింద ఎర్రటి కండ, కంటి రెప్ప కదలటం కూడా తెలుస్తోంది. ఆసామి చెప్పిన పాతిక గజాలు ఆ క్షణంలో గుర్తు రాలేదు. చెయ్యి చాపితే అందుతుందనిపించింది.

"బావగారూ, దూరమండీ," గొణిగాడు బావమరిది.

తుపాకి పేలింది. అది వెనక్కి తన్నిన తన్నుకి స్కోపు అంచు కనుబొమ్మ మీద దిగి రక్తం కారింది. పక్షి పల్టీ కొట్టింది, లేచింది, ఒక రెక్క వేలాడేసుకుని ముళ్ళపొదల్లోకి పరిగెత్తిపోయింది.

మధ్యాహ్నం దాకా వెతికారు. అక్కడక్కడా నాలుగు ఈకలు, ఒక ఆకు మీద నెత్తురు చుక్క. పక్షి దొరకలేదు. ఆ రెక్కతో అది ఎగరలేదు, రాత్రికి చెట్టెక్కలేదు. ఏ నక్కకో దొరికేదాకా ఆ పొదలో పడి ఉండాలి. ఈ సంగతి ముగ్గురికీ తెలుసు, ఎవరూ పైకి అనలేదు.

మర్నాడు బావమరిది వంతు. వచ్చిన పక్షి నిన్నటిదానికంటే పెద్దది. యాభై గజాల దగ్గర పావుగంట తిరిగింది. అతను తుపాకి మోకాలి మీంచి ఎత్తలేదు. అది తనదారిన అది వెళ్ళిపోయింది.

ఖాళీ చేతులతో తిరిగొస్తుంటే గేటు దగ్గర ఆసామి ఎదురొచ్చాడు. జరిగింది విన్నాడు. బావమరిదితో, "నువ్వు వచ్చే ఏడు కూడా రా," అన్నాడు. అల్లుడితో, "మీరు నలభై గజాల కాగితం పట్టుకుని రండి," అన్నాడు.

ఆ రాత్రి భోజనాల దగ్గర మావయ్యగారు కొడుకు వైపు తిరిగి మాట్లాడారు, అల్లుడు వినాలని. "మన తోటలో దింపుకొచ్చేవాడు ఏం చేస్తాడ్రా? కాళ్ళకి బందం వేసుకుని రెండడుగులు ఎక్కి, బరువంతా దానిమీద వేసి ఒకసారి కుదుపుతాడు. తెగితే అక్కడే తెగాలి. నేల మీద ఉండగా తెగిన బందం మనకి మేలు చేసినట్టే. నీ మొదటి స్కోపు కాగితం దగ్గరే చెడిపోయింది చూశావా, అదీ అంతే."

అల్లుడు తలెత్తి, "నాకే చెప్పండి మావయ్యగారూ, పర్వాలేదు," అన్నాడు. మర్నాడు ఆ పెద్ద స్కోపు విప్పి పెట్టెలో పెట్టేశాడు.

ఇదీ కథ. దీని నీతి: వస్తువు మీద నమ్మకాన్ని అంగడిలో కొనుక్కోలేం, దాన్ని ముందుగా పరీక్షించి సంపాదించుకోవాలి. ఆ పరీక్షలో తేలిన హద్దు దగ్గర చెయ్యి ఆపుకోగలిగినవాడికే అది ఉపయోగపడుతుంది.

అల్లుడి స్కోపు నాసిరకం కాదు. దాని పనికి అది మంచిదే. రైఫిల్ స్కోపు మామూలుగా వంద గజాలకో, ఆపై దూరానికో కుదిర్చి ఉంటుంది. దగ్గరి దూరాల్లో కన్ను కాస్త పక్కకి జరిగితే గురి కూడా జరిగినట్టు కనిపిస్తుంది. తుపాకి తన్ను సంగతి సరేసరి. టర్కీ కోసం వాడే పెద్ద తూటాలు పెద్ద జంతువుల్ని వేటాడే మామూలు రైఫిల్ కంటే గట్టిగా తంతాయి. కంటికీ అద్దానికీ మధ్య కనీసం మూడున్నర అంగుళాల ఎడం లేకపోతే కనుబొమ్మ చీలే ప్రమాదం ఉంది. లోపలి అద్దాల అమరిక ఆ తన్నుకి కదలకుండా ఉండాలి. అందుకే ఈ తుపాకికి పెద్దది చేయని స్కోపో, రెండు మూడు రెట్లకి మించనిదో, గురి చోట ఎర్రచుక్క చూపించే రెడ్ డాటో చాలంటారు అనుభవజ్ఞులు. రెడ్ డాట్ అయితే బ్యాటరీ అయిపోయే రోజు కూడా ఒకటి వస్తుందని గుర్తుపెట్టుకుని, గొట్టం చివర పూస మీదుగా గురి చూడటం నేర్చుకుని ఉండాలి.

ఇవన్నీ దుకాణం మనిషి చెప్పగలడు. అతను చెప్పలేనిది ఒకటుంది. స్కోపు పక్షిని మన కంటికి దగ్గర చేస్తుంది గానీ గుండుకి దగ్గర చెయ్యదు. అరవై గజాల్లో ఉన్నది అరవైలోనే ఉంటుంది. చూపు పెరిగిన కొద్దీ మన శక్తి పెరిగిందన్న భ్రమ కూడా పెరుగుతుంది, ఆ భ్రమకి మూల్యం ఎదుటి ప్రాణి చెల్లిస్తుంది. నా దృష్టిలో బావమరిది ఆ రెండో రోజు తుపాకి ఎత్తకపోవడమే ఈ కథలో జరిగిన అసలు వేట.

స్కోపు విషయంలో మరో ప్రమాదం ఉంది. పొదలో ఏదో కదిలితే అదేమిటో చూద్దామని స్కోపు ఎత్తుతారు కొందరు. స్కోపు ఎత్తడమంటే తుపాకి గురిపెట్టడమే. టర్కీ వేటలో ప్రతివాడూ ఆకురంగు బట్టల్లో కూర్చుని పక్షిలా కూస్తుంటాడు కాబట్టి, ఆ కదిలింది మనిషి కావచ్చు. పోల్చుకోవడానికి బైనాక్యులర్లు వేరే ఉండాలి. మగపక్షి తల మీద ఉండే రంగులు ఎరుపు, తెలుపు, నీలం. ఆ రంగుల రుమాలు కూడా జేబులో ఉంచుకోవద్దని అక్కడి వేట తరగతుల్లో నేర్పుతారు. టెక్సస్‌లో 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టిన వేటగాళ్ళకి ఆ శిక్షణ తప్పనిసరి.

ఇది ఇప్పుడు రాయడానికి కారణం ఉంది. మన పిల్లలు వేల సంఖ్యలో అక్కడ ఉన్నారు, వాళ్ళలో తుపాకి కొంటున్నవాళ్ళూ ఉన్నారు. విద్యార్థి వీసా, హెచ్-1బీ లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకి దగ్గర ఉంచుకోవడాన్ని అమెరికా కేంద్ర చట్టం నిషేధిస్తుంది. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు దానికున్న మినహాయింపుల్లో ఒకటి. ఆ లైసెన్సు చేతికి రాగానే తుపాకి కొనేసి, దాన్ని వాడే తీరు తర్వాత నేర్చుకుందాం అనుకునే కుర్రాళ్ళు ఉన్నారు. 2024 నవంబరులో, అమెరికాలో చదువుకుంటున్న ఒక తెలుగు కుర్రాడు అట్లాంటాలో, కొత్తగా కొన్న వేట తుపాకిని శుభ్రం చేస్తుండగా అది పేలి చనిపోయాడు.

మలికిపురం నుంచైనా, రాజోలు నుంచైనా, హైదరాబాదు నుంచైనా వెళ్ళి అక్కడ తుపాకి పట్టిన ప్రతి తమ్ముడికీ నా విన్నపం ఇది. స్కోపు ఏది కొన్నా సరే, వేట కాలం రాకముందే రేంజికి వెళ్ళి కాగితం మీద కాల్చి చూసుకోండి, మీ దూరం ఎంతో రాసిపెట్టుకోండి. తుపాకిని గుడ్డ పెట్టి తుడిచే ముందు, స్కోపు బిగించే ముందు, చివరికి ఒకరికి చూపించే ముందు కూడా, తూటాలన్నీ తీసి వేరే గదిలో పెట్టండి. గొట్టం వెనక తూటా కూర్చునే అర ఖాళీగా ఉందని కంటితో చూడండి, వేలు పెట్టి తడిమి చూడండి. నిన్ననే తీసేశానని గుర్తున్నా సరే, మళ్ళీ చూడండి.