బాణీ యెవరిది?

మొన్న సికిందరాబాదులో ఒక మిత్రుని యింట ‘మాయాబజారు’ పాటలు వినుచుండగా, వారి కుమారుడు “మాస్టారూ, ఈ లాహిరి పాట బాణీ ఎవరిదండీ?” అని యడిగెను. ఆలోచింపకయే ఘంటసాలవారిదని చెప్పితిని. ఇల్లు చేరునప్పటికి ఆ జవాబు నన్ను బాధింపసాగెను.

1957లో విడుదలయిన యా చిత్రమునకు తొలుత సంగీతము కూర్పబూనినవారు సాలూరు రాజేశ్వరరావుగారు. నాలుగు పాటలకు వరుసలు కట్టి వారు తప్పుకొనిరి. తక్కిన భారమంతయు ఘంటసాలవారిపై బడెను. క్రొత్తగా వచ్చినవాడు పాతవాని గుర్తులను చెరిపివేయుట లోకమున సామాన్యము. పాఠశాలలలో సయితము చూచుచునే యున్నాము. ఘంటసాలవారట్లు చేయలేదు. ఆ నాలుగు వరుసలను నిలిపి, వాద్యసమ్మేళనము సమకూర్చి, లాహిరి పాటను పి. లీలగారితో గూడి తామే పాడిరి. పరుని బిడ్డను తన బిడ్డలతో సమముగా పెంచుట వంటిదే యిది.

అయినను చిత్రారంభమున సంగీతదర్శకునిగా కనబడు పేరొక్కటియే.

పాశ్చాత్య సంగీతమున నిట్టి ఘట్టమొకటి కలదు. 1980 ఫిబ్రవరిలో గాయకుడు బాన్ స్కాట్ మరణింపగా, ఏసీ/డీసీ యను రాక్ బృందము బ్రయాన్ జాన్సనును చేర్చుకొని ఆ సంవత్సరమే ‘బ్యాక్ ఇన్ బ్లాక్’ను వెలువరించెను. సంతాపసూచకముగా దాని యట్టను నల్లగా నుంచిరి. మృతునకు నల్లయట్ట దక్కినది. బ్రతికియుండి తొలగినవానికేమి దక్కవలెను? తప్పుకొన్నవాడు హక్కును గూడ వదలుకొన్నాడందురా? జీతమువరకు సరియే. కర్తృత్వము కుర్చీ కాదు గదా, లేచిపోగానే మరియొకరిదగుటకు!

మరునాడా బాలుని పిలిచి రెండు పేర్లును చెప్పితిని.

“మరి నిన్న ఒక్కరే అన్నారేమండీ?” అనెను.