మేని రంగు గీయని గీతలు

మనుష్యుని మనుష్యుని నుండి విడదీయునది మేని రంగే యని సామాన్యముగా తలచుచుందురు. దక్షిణాఫ్రికా ప్రభుత్వము 1950 లో ఆ తలంపునే శాసనముగా వ్రాసి దశాబ్దముల పాటు అమలు జరిపినది. మారిషస్ ద్వీపమున చెఱకుతోటల కూలీల సంతతివారికి మాత్రము ఈ సంగతి వేఱు విధముగా తెలియును.

1968 మార్చి 12న స్వాతంత్ర్యము పొందిన ఈ దేశపు రాజ్యాంగము ప్రజలను నాలుగు సముదాయములుగా లెక్కించినది. హిందువులు, ముస్లిములు, చైనా సంతతివారు, జీవన విధానమును బట్టి ఈ మూడింటిలో దేనికిని చెందనివారు. ఈ నాలుగవ గడిని పరికించిన ఆశ్చర్యము కలుగును. ఫ్రెంచి సంతతికి చెందిన తెల్లని తోట యజమాని మనుమడును, ఆఫ్రికా నుండియు మడగాస్కరు నుండియు బానిసలుగా తేబడినవారి మనుమడును అందులో ప్రక్కప్రక్కనే యున్నారు. రంగులోను, ఆస్తిలోను అంతకన్న దూరమైనవారు ఈ ద్వీపమున లేరు. ఇక పోర్ట్ లూయీలోని అప్రవాసీ ఘాట్ మెట్లెక్కి, ఒకే తోటలో చెమటోడ్చి, ఇంట ఒకే భోజపురి మాటలాడిన బీహారు హిందువు సంతతియు, బీహారు ముస్లిము సంతతియు రెండు గడులలో పడినవి.

శాసనసభకు ఎన్నికైన 62 మందికి తోడు ఎనిమిది స్థానముల వఱకు ఈ గడులను చూచియే పంచుచు వచ్చిరి. జనగణనలో సముదాయ ప్రశ్న 1972 తరువాత మానివేయబడినను, పంపకమునకు ఆనాటి అంకెలే ఆధారమైనవి. అట్టి పాత అంకెల కొఱకు అభ్యర్థిని సముదాయము చెప్పి తీరుమనుట న్యాయము కాదని ఐక్యరాజ్య సమితి మానవ హక్కుల సంఘము 2012 లో తీర్మానించినది.

ఈ గీతలు కాగితము మీదనే యుండిన చింత లేకపోవును. స్వాతంత్ర్యమునకు రెండు మాసముల ముందు, 1968 జనవరిలో, పోర్ట్ లూయీ పేటలలో క్రియోలులును ముస్లిములును ఒకరినొకరు చంపుకొనిరి. ఇరుపక్షములవారును పేదలే, ఇరుగుపొరుగువారే. తరతరముల నుండి నివసించిన వీధులను విడిచి కుటుంబములు తమవారి పేటలకు తరలిపోయినవి. అల్లరి నణచుటకు బ్రిటిష్ సైన్యము రావలసి వచ్చినది.

పేర్ల సంగతి మఱియు విచిత్రము. మారిషస్‌లో మల్బార్ అను మాటతో ఉత్తరాది హిందువును ఎత్తిపొడుతురు. పొరుగున నున్న రీయూనియన్ ద్వీపమున అదే మాట దక్షిణాది సంతతివారికి పేరు. తెలుగువారికి కోరంగీలను పేరు గోదావరి ముఖమునందలి ఓడరేవు నుండి వచ్చినది. ఆ గ్రామము నెన్నడును ఎఱుగని ఉత్తర మండలముల కూలీలకును అదే పేరు అంటుకొన్నది.

ఇతరులు పెట్టిన పేరు సరే. తనకు తాను పెట్టుకొను పేరో? జనగణన పత్రమున మతము అని యడిగినచోట హిందువు అనక "తెలుగు" అని వ్రాయువారు వేలకొలది కలరు. ఆంధ్రదేశమువారికి ఇది నవ్వు పుట్టించవచ్చును. కాని ఇంట క్రియోలు మాటలాడువానికి తెలుగు అనగా రామభజనము, సింహాద్రి అప్పన్న పూజ, అమ్మోరు పండుగ, ఉగాది నాటి పచ్చడి. అతడు వ్రాసినది తప్పు గాదు. 1983 జనగణనలో పూర్వుల భాష అరబ్బీ యని వేలాది ముస్లిములు వ్రాసిరి. వారి పూర్వులలో అరబ్బీ మాటలాడినవారు అరుదు. వారిది అబద్ధమనుట కన్న ఆకాంక్ష యనుట న్యాయము.

1998 లో క్రొత్త నోట్లపై తమిళమును హిందీ క్రిందికి దింపిరని తమిళులు ఆందోళన చేయగా, ఆ నోట్లనే ఉపసంహరించి తమిళమునకు పూర్వస్థానము నిచ్చిరి. ఒక అక్షరపు వరుస కింత పట్టుదలయా యని తేలికగా అనవచ్చును. అట్లనువాడు సాధారణముగా సంఖ్యాబలము గలవాడై యుండును. (తెలుగు ఆ నోటుపై ఏ వరుసలోను లేదు.) చిన్న సముదాయమును నీ పేరు మఱచిపొమ్మనుట ధర్మబోధ కానేరదు.

అయినను ఒక చిక్కు మిగులును. రంగు గీసిన గీత పరులు గీసినది, దానిని నిందించుట సులభము. పేరు గీసిన గీతను ఎవరి వాకిట వారే, ముగ్గు వేసినంత ప్రీతితో గీసికొందురు. తాతల పేరు నిలుపు చేయియే వియ్యమందునప్పుడు తలుపు మూయును. ఓడ దిగిననాడు రిజిస్టరులో గుమాస్తా వ్రాసిన కులము చెఱకుతోటలో చాలవఱకు చెరగిపోయినదని చెప్పుకొను పెద్దలే, సంబంధము మాటలాడునప్పుడు గొంతు తగ్గించి దానిని విచారింతురు. తమ బిడ్డ క్రియోలు పిల్లను వలచినచో ఆ గొంతు తగ్గదు సరికదా, హెచ్చును.

అట్టి కోడలు రామభజన రాత్రి దీపస్తంభము చుట్టును తిరుగు స్త్రీలలో ఒకతెగా నిలిచినదనుకొందము. ఆమె తెలుగుదా, కాదా? చేతిలోని కాగితముపై కీర్తన ఫ్రెంచి అక్షరములలో వ్రాయబడి యున్నది. అర్థము సగమే తెలియును. లోపలి గదిలో బంధువులు ఆమెను గూర్చి ఇంకను తర్కించుచునే యుందురు. ఆమె ప్రక్కన తిరుగుచున్న మేనత్తయు, ఆ యింట పుట్టినదే యైనను, అదే అక్షరములను చూచి పాడుచున్నది.