చేప తిన్న మేతకు జవాబుదారు ఎవరు?

కూకట్‌పల్లిలో ఒక శుక్రవారం జుమా నమాజు ముగిశాక, హైటెక్ సిటీలో ఉద్యోగం చేసే ఒక యువకుడు నన్ను మస్జిదు మెట్ల దగ్గర ఆపాడు. కృష్ణా జిల్లా తీరంలో బావమరిదితో కలిసి ఉప్పునీటి చెరువు కౌలుకు తీసుకుని పండుగప్ప పెంచాలనుకుంటున్నాడు. “హజ్రత్! చేప ఎలాగూ హలాలే, జబహ్ కూడా అక్కర్లేదు. మరి దానికి ఏ మేత వేస్తే ఏం?” అని అడిగాడు.

నిజమే. సముద్రపు ఆహారం ధర్మసమ్మతమని దివ్య ఖుర్ఆన్ (అల్ మాయిదా: 96) స్పష్టం చేసింది. అయితే సముద్రంలో తిరిగే చేప తన మేతను తానే వెతుక్కుంటుంది. చెరువులో ఆ మేతను ఎంచేది మనిషి. ఎంపిక ఉన్నచోట జవాబుదారీ కూడా ఉంటుంది.

పండుగప్ప మాంసాహారి. బొచ్చె, రోహులకు వేసినట్లు తవుడు, చెక్క వేస్తే సరిపోదు. చెన్నైలోని ఉప్పునీటి చేపల పరిశోధనా సంస్థ 1997లో దాని పిల్లలను హేచరీలో ఉత్పత్తి చేసింది. 2007లో విశాఖ తీరాన సముద్రంలో పంజరం వేసి కూడా పెంచారు. ఎక్కడ పెంచినా రైతుకు పెద్ద ఖర్చు మేతదే. ఈ యువకుని ముందు మూడు దారులున్నాయి.

మొదటిది కోళ్ళ వ్యర్థాలు. మన హైదరాబాదు దుకాణాల నుండి పేగులు, నెత్తురు కృష్ణా, ఏలూరు జిల్లాల చెరువులకు తరలిస్తుండగా అధికారులు పట్టుకున్న వార్తలు మనం చదువుతూనే ఉన్నాం. మాలిన్యం తిని బ్రతికే పశువు మాంసాన్ని, పాలను దైవప్రవక్త (సఅసం) వారించారు (అబూదావూద్, తిర్మిజీ). ఆ మేత ప్రభావం మాంసపు వాసనలో, రుచిలో కనిపిస్తే, కొంతకాలం శుభ్రమైన మేత వేసిన తర్వాతే తినాలని ధర్మపండితులు చెప్పారు. హజ్రత్ ఇబ్నె ఉమర్ (రజి) అలాంటి కోడిని మూడు రోజులు కట్టి ఉంచేవారు.

రెండవది చిన్న చేపలు. ఇది నిషిద్ధం కాదు. కాని కిలో పండుగప్పకు నాలుగైదు కిలోలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ చిన్న చేపలు కావాలి. మనిషి తినడానికి పనికిరానివైతే సరే. పేదవాని కూరకు అందే నెత్తళ్ళు, కవళ్ళు సంపన్నుని పళ్ళెంలోని చేపకు మేతగా పోతుంటే ఆలోచించవలసిందే.

మూడవది తయారుచేసిన గుళికల మేత. కిలో చేపకు సుమారు ఒకటిన్నర నుండి రెండు కిలోలు చాలు. ఇందులోనూ చేపల పొడి ఉంటుంది, సోయా చెక్క వంటివీ కలుపుతారు. మాంసపు పొడి కలిపి ఉంటే అది ఏ జంతువుదో అడిగి తెలుసుకోవాలి. దీని ధర మాత్రం ఎక్కువ.

“పక్క చెరువువాడు వ్యర్థాలు వేసి తక్కువకు అమ్మితే నేను నష్టపోనా హజ్రత్?” అన్నాడతను. ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసిపారేయలేదు. అతను పెట్టబోయేది ఏళ్ళ తరబడి దాచుకున్న జీతం. అయినా ఒక సంఘటన గుర్తుచేశాను. దైవప్రవక్త (సఅసం) బజారులో ఒక ధాన్యపు రాశిలో చెయ్యి పెట్టి చూస్తే లోపల తడి తగిలింది. ఆ తడి ధాన్యాన్ని జనానికి కనిపించేలా పైన ఎందుకు ఉంచలేదని వర్తకుణ్ణి నిలదీశారు. మోసగించేవాణ్ణి తనవాడిగా లెక్కించనని హెచ్చరించారు (ముస్లిం).

ధాన్యంలో చెయ్యి పెట్టి చూడవచ్చు. చేప ఏమి తిని పెరిగిందో కూకట్‌పల్లి మార్కెట్లో కొనే ఇల్లాలు ఎలా చూడగలదు? ఆ సంగతి తెలిసింది పెంచినవానికి, అల్లాహ్‌కు మాత్రమే. అందుకే చేప మేత ఒక అమానతు. “నువ్వు వేసిన మేత ఏమిటో కొనేవారికి సంకోచం లేకుండా చెప్పగలవా? చెప్పగలిగిన మేతే వెయ్యి. చెబితే అమ్ముడుపోదనుకునే సరుకుతో వచ్చే లాభం వద్దు” అన్నాను. అతను కాసేపు మౌనంగా ఉండి, లెక్కలు మళ్ళీ వేసుకుంటానని వెళ్ళాడు.

సోదర సోదరీమణులారా! కొనే మనకూ బాధ్యత ఉంది. ధర ఒక్కటే అడిగి, మేత సంగతి ఎన్నడూ అడగకపోతే నిజాయితీగా పెంచేవాడు ఎలా నిలబడతాడు? హలాల్‌తో పాటు పరిశుద్ధమైనదే తినమని దివ్య ఖుర్ఆన్ (అల్ బఖరా: 168) ఆదేశించింది. అల్లాహ్ మనందరికీ అలాంటి ఉపాధినే ప్రసాదించుగాక! ఆమీన్.