చేతులు కాలకముందే

దానగుణాన్ని కీర్తించడంలో మన సాహిత్యం ఎన్నడూ లోటు చేయలేదు. కవచకుండలాలను కోసి ఇచ్చిన కర్ణుణ్ణి తలచుకుంటే నేటికీ మనసు చెమ్మగిల్లుతుంది. జూదానికి ముందే ధృతరాష్ట్రుణ్ణి హెచ్చరించిన విదురుణ్ణి గౌరవిస్తాం గాని, ఆ హెచ్చరికను దానాల లెక్కలో చేర్చం. ధనం కొద్దిగా ఉన్నచోట ప్రాణాపాయం వస్తే, ఈ ఇద్దరిలో ఎవరి మార్గం అనుసరణీయం? మూత్రపిండాల క్యాన్సర్ ఈ ప్రశ్నను మన ముందు నిలుపుతోంది.

ఈ వ్యాధి స్వభావం విలక్షణమైనది. గడ్డ మూత్రపిండానికే పరిమితమై ఉండగా శస్త్రచికిత్స చేస్తే చాలామంది కోలుకుంటారు. మూత్రపిండం మొత్తం తీయవలసి వచ్చినా, రెండవది ఆరోగ్యంగా ఉంటే జీవితం సాగుతుంది. అదే వ్యాధి ఊపిరితిత్తులకో, ఎముకలకో పాకితే పరిస్థితి తారుమారవుతుంది. భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం లోకానికి అందించిన మెథోట్రెక్సేట్ వంటి పాత మందులు అనేక క్యాన్సర్లపై చవకగా పనిచేస్తున్నాయి. మూత్రపిండాల క్యాన్సర్ మాత్రం అటువంటి మందులకు సాధారణంగా లొంగదు. 2006లో అమెరికాలో అనుమతి పొందిన సునిటినిబ్, ఆ తరువాత వచ్చిన ఇమ్యునోథెరపీ మందులు ఆయువును పొడిగిస్తాయి. కాని వాటిని నెలల తరబడి వాడడం సామాన్య కుటుంబానికి తలకు మించిన భారం. కనుక లేనివానికి మిగిలిన గొప్ప ఆధారం ఒక్కటే: ముందుగా తెలియడం.

ఈ ఎడారి నేలపై ఆ తెలియడమే కష్టం. జగిత్యాల నుండో, నిజామాబాద్ నుండో వచ్చి సోనాపూర్, ముసఫ్ఫా కార్మిక నివాసాలలో ఉండే మన సోదరునికి ఒకనాడు మూత్రం ఎర్రగా వస్తుంది. నొప్పి ఉండదు. ‘ఎండకు వేడి చేసింది’ అనుకుని మజ్జిగ తాగుతాడు. రెండు రోజులలో రంగు మామూలవుతుంది; మజ్జిగే నయం చేసిందని నమ్ముతాడు. నిజానికి గడ్డ నుండి వచ్చే రక్తం కనబడుతూ, మాయమవుతూ ఉంటుంది. ఎర్రని మూత్రమంతా క్యాన్సర్ కాదు. రాళ్లు, ఇన్ఫెక్షన్లు కూడా కారణం కావచ్చు. ఏదైనదీ తేల్చవలసింది వైద్యుడు. అందుకు తొలి మెట్టు మూత్ర పరీక్ష, స్కాను. సెలవు పెడితే జీతం తెగుతుందనీ, జబ్బు బయటపడితే ఉద్యోగం పోతుందనీ భయం అతణ్ణి ఆపుతుంది. 2025 జనవరి 1 నుండి షార్జా మొదలైన ఉత్తర ఎమిరేట్లలో కూడా ప్రైవేటు ఉద్యోగులకు ఆరోగ్య బీమా తప్పనిసరి అయింది. తలుపు తెరిచే ఉంది. వెంట నడిచే మనిషి కావాలి.

మరి మనం చేస్తున్నదేమిటి? అతడు మంచం పట్టిన తరువాత చందాలు పోగుచేస్తాం, విమాన టికెట్టు కొంటాం. అది నిస్సందేహంగా పుణ్యకార్యమే. నయం కాని దశలోనూ నొప్పి తగ్గించడం, అయినవారి చెంతకు చేర్చడం మానవధర్మం. అక్కడ లాభనష్టాల లెక్క తగదు. అయితే ఒక్క సత్యాన్ని ఒప్పుకోవాలి. చివర ఇచ్చే దానంలో దాతకు పేరుంటుంది. ముందుగా అడిగే ప్రశ్నకు ఏ పేరూ ఉండదు. బతికి బట్టకట్టినవానికి సైతం తనను కాపాడినదేదో గుర్తుండకపోవచ్చు. ఫలాపేక్ష లేని కర్మకు ఇంతకంటే మంచి ఉదాహరణ ఏముంది?

సెలవునాడు ఆలయానికి వచ్చిన తమ్ముడికి ప్రసాదం అందించి ‘బాగున్నావా?’ అంటాం. ‘మూత్రంలో ఎరుపు కనబడిందా?’ అని అడగడానికి సంకోచిస్తాం. ఆ సంకోచాన్ని దాటినవాడు, క్లినిక్కు తోడు వెళ్లినవాడు, ఇంటికి తిరిగి వెళ్లవలసి వస్తే తెలంగాణలో అర్హులకు ఆరోగ్యశ్రీ ఉందనీ, హైదరాబాదులో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి, విశాఖ అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నాయనీ చెప్పినవాడు విదురునికి నిజమైన వారసుడు.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం గురించి మన పెద్దలు ఏనాడో హెచ్చరించారు. ఆకులు తెచ్చేవారు మనలో చాలామంది ఉన్నారు. నిప్పును ముందుగా చూపేవారు ఇంకా కావాలి.