పెన్సిలు మీది పేరు

ఇచ్చినవాళ్ల పేరు వస్తువు మీద ఉండటం మన ఇళ్లలో కొత్తేమీ కాదు. పెళ్లిలో చదివించిన స్టీలు గిన్నెను తిప్పి చూడండి. చుక్కలు చుక్కలుగా ఒక పేరు, తేదీ చెక్కి ఉంటాయి. ఆ పేరు చాలాసార్లు మగవాడిదే. ముప్పై నలభై ఏళ్లు ఆ గిన్నెలో పప్పు వండింది, మాడితే తోమింది ఇంకొకరు. ఆమె పేరు దాని మీద ఎక్కడా ఉండదు. అయినా గిన్నె ఎవరిదని అడిగితే మనం చెక్కిన పేరే చదువుతాం. ఇచ్చినవాడికీ, దానితో పనిచేసిన మనిషికీ మధ్య ఉన్న ఈ తేడా గురించి నన్ను ఆలోచనలో పడేసింది మాత్రం గిన్నె కాదు, ఒక పెన్సిలు.

1980లలో మా పెద్దమ్మ బెజవాడ ఆటోనగర్‌లో టీకొట్టు నడిపేది. చుట్టూ లారీలకు బాడీలు కట్టే షెడ్లు. వెల్డర్లు, వడ్రంగులు, పెయింటర్లు అందరికీ ఆమె దగ్గర ఖాతాలుండేవి. కూల్‌డ్రింకు సీసాలు దించే వ్యాను అతను ఒకసారి కంపెనీ పేరు అచ్చేసిన పెన్సిళ్లు నాలుగు ఇచ్చి వెళ్లాడు. పసుపుపచ్చ పెన్సిలు, దాని మీద ఎర్ర అక్షరాలు. మూడింటితో పెద్దమ్మ ఖాతాలు రాసింది. బేరాల్లేని మధ్యాహ్నాల్లో అదే పుస్తకం చివరి పేజీల్లో నాకు కుక్క బొమ్మ వేసేది. మనిషిలా రెండు కాళ్ల మీద నిలబడి, చెవులు వేలాడేసుకుని, చేత్తో స్పానరు పట్టుకున్న కుక్క. నాలుగో పెన్సిలు చెక్కకుండానే మిగిలిపోయింది. ఆమె పోయాక రేకుపెట్టెలో దొరికితే నాకిచ్చారు.

ఈ మధ్య దాన్ని చెక్కి ఆ కుక్కను వెయ్యబోతే పెద్దమ్మ కొడుకు ఆపాడు. "చెక్కమాకే అమ్మాయ్, పాత సరుక్కి ఇప్పుడు రేటుంది. ముట్టుకోకుండా ఉంటేనే విలువ" అన్నాడు. నేను వినకపోయేసరికి నవ్వి, "అయినా కంపెనీ పెన్సిలుతో వేస్తే అది కంపెనీ కుక్కేగా!" అన్నాడు.

అన్నయ్య తమాషాకే అన్నా రెండూ తేలిక మాటలు కావు. ముట్టుకోకుండా ఉంటేనే విలువ అన్న మాట ఆడవాళ్లం చిన్నప్పటినుంచీ వింటున్నదే. వాడకం వల్ల తగ్గే విలువ కొనేవాడు కట్టే విలువ. పెద్దమ్మ వాడేసిన మూడు పెన్సిళ్లకు ఈరోజు బజార్లో ఏమీ రాదు. కానీ వాటిలోంచే ఇన్ని ఖాతాలు, ఒక కుటుంబం తిండి, నా బాల్యంలో ఒక కుక్క వచ్చాయి. ఆమె బతుకులో విలువైనవి ఆ మూడే.

ఇక రెండో మాట. వ్యాపారులు ఊరికే ఇచ్చే వస్తువుల చరిత్ర చిన్నది కాదు. అమెరికాలో కోకాకోలా కంపెనీ 1925 నుంచి బడిపిల్లలకు స్కేళ్లు పంచింది. ఇతరులు నీతో ఎలా ఉండాలనుకుంటావో నువ్వూ వాళ్లతో అలాగే ఉండు అన్న నీతి వాటి మీద ఉండేది, పక్కన కంపెనీ పేరు. పిల్లలకు నీతితో పాటు దాహం కూడా నేర్పారన్నమాట. మన వంటింటి గోడ మీద కొట్టువాళ్ల క్యాలెండర్ కూడా ఈ బాపతే. దాని మీద మనం పాల లెక్క రాస్తాం, గ్యాసు బండ తెచ్చిన రోజు రాస్తాం, నెలసరి తేదీకి ఎవరికీ తెలియని చుక్క పెడతాం. అచ్చయిన పేరు కొట్టుదే గానీ, ఏడాది గడిచాక అది మన బతుకు పుస్తకం.

అంటే పనిముట్టు ఇచ్చినవాడికి ఏ హక్కూ లేదా? మన పల్లెల్లో నాగలి చేసిన వడ్రంగికి పంటలో మేర కొలిచేవారు. అది న్యాయమే, అతని శ్రమకు ప్రతిఫలం. కానీ పంట వడ్రంగిదని ఎవరూ అనలేదు. నాట్లేసిన ఆడకూలీదనీ అనలేదు, అది వేరే సంగతి. పెన్సిలు విషయంలో కంపెనీ మేర ఎప్పుడో ముట్టింది. రోజూ ఖాతా రాసేటప్పుడల్లా ఆ పేరు ఎంతోమంది కళ్లబడింది. వాళ్ల సీసాలు పెద్దమ్మే అమ్మిపెట్టింది. ఇంకా బాకీ ఏముంది?

అయినా బొమ్మ ఎవరిదన్న ప్రశ్న అంత సులువుగా తేలదు. బొమ్మ మీద పేరు వేసే అధికారం గీసిన చేతికి కాక, ఆ చేతిని పనిలో పెట్టుకున్నవాడికి చేరిన సందర్భాలెన్నో. డిస్నీ స్టూడియోలో మగవాళ్లు పెన్సిలుతో గీసిన జంతువులను పారదర్శకమైన రేకుల మీదికి సిరాతో ఎత్తి రంగులద్దింది ఎక్కువగా ఆడవాళ్లే. 1937లో వచ్చిన 'స్నో వైట్' వెనకా వాళ్ల చేతులున్నాయి. ఆ మరుసటి ఏడాదే ఉద్యోగమడిగిన ఒక యువతికి ఆ సంస్థ, సృజనాత్మకమైన పని ఆడవాళ్లు చేయరని, అదంతా యువకులదేనని జవాబు రాసింది. 1942 నాటి 'బాంబి'లో వేటకుక్కలను గీసిన రెట్టా స్కాట్ డిస్నీలో యానిమేటరుగా తెర మీద పేరు పడ్డ తొలి మహిళ. ఒక్క పేరు తెరకెక్కడానికి అన్నేళ్లు పట్టింది.

ఆటోనగర్‌లోనూ ఇదే లెక్క. లారీల మీద పులిని, డేగను, ఆవూదూడను వేసే అతన్ని అందరూ ఆర్టిస్టు అనేవారు. అనాల్సిందే, గొప్ప చెయ్యి. ఆ పక్క కొట్లో కుక్కను వేసిన మనిషి మాత్రం టీకొట్టావిడే. ఆయనది కళ, ఈమెది కాలక్షేపం. రెండు బొమ్మల మధ్యా తేడా నైపుణ్యంలోనే ఉందా? ఆయనకు బొమ్మలు వెయ్యడమే పని. ఈమె పని మధ్యలో దొరికిన ఖాళీలో వేసింది. కళకు కావలసిన మొదటి పనిముట్టు పెన్సిలు కాదు, తనదంటూ ఒక మధ్యాహ్నం. దాన్ని ఏ కంపెనీ పంచదు. మన తెలుగులో తొలి మహిళా కార్టూనిస్టుగా నిలిచిన రాగతి పండరి (1965-2015) తన పేరుతో వేల కార్టూన్లు వేశారు. ఆ సంతకం ఎంత పెద్ద విషయమో సంతకం లేని బొమ్మలను చూసి పెరిగినవాళ్లకు తెలుస్తుంది.

నేను పెన్సిలు చెక్కాను. గిన్నె మీద చెక్కిన పేరు తోమినకొద్దీ మెరుస్తుంది. పెన్సిలు అలా కాదు. పని చేసినకొద్దీ అది పొట్టిదవుతుంది. ఇచ్చినవాడి పేరు ఒక్కో అక్షరమే పొట్టులో కలుస్తుంది, కాయితం మీద కుక్క పెరుగుతుంది. కంపెనీ పేరును పనిగట్టుకుని చెరపక్కర్లేదు, దానికి మొక్కనూ అక్కర్లేదు. ఆడవాళ్లకు ఇతరుల పేర్లతో వచ్చిపడే వస్తువులన్నిటి గురించీ నాకు తోచింది ఇంతే. వాటిని దాచిపెట్టి ఆ పేర్లకు కాపలా కాయడం కంటే మన పనికి వాడుకుని అరగదీయడం మంచిది. అరగని చోట పక్కనే మన పేరు రాసుకోవాలి. కుక్క కింద నేను రాసిన పేరు మా పెద్దమ్మది.