తెలుసుకోవడం సిగ్గుచేటా?



ఈ వారం విషయం కొందరికి ఇబ్బందిగా తోచవచ్చు. బహిష్టు వచ్చిన పది పన్నెండు రోజుల తరువాత, రెండు నెలసరుల నడుమ, కొందరు స్త్రీలకు చిన్న మరక కనబడుతుంది. అది లేత గులాబీ రంగులోనో గోధుమ రంగులోనో ఉండి, ఒకటి రెండు రోజుల్లో ఆగిపోతుంది. అండం విడుదలయ్యే వేళ ఈస్ట్రోజెన్ అనే హార్మోను కాస్త తగ్గడమే దీనికి కారణమని వైద్యులు చెబుతారు. అది రోగం కాదు. అందరికీ కనబడదు కూడా. చాలామందికి ఎన్నడూ రాదు. వారికీ పిల్లలు పుడుతూనే ఉన్నారు.

ఇంత చిన్న మరక గురించి పత్రికలో రాయాలా అంటారేమో. మా నర్సీపట్నం చుట్టుపక్కల పల్లెల్లో ముట్టు దూరం పాటించే ఇళ్లు ఇంకా ఉన్నాయి. విశ్వాసుల ఇళ్లు అందుకు మినహాయింపు కాదు. అటువంటి ఇంట్లో కోడలికి నెల మధ్య మరక కనబడిందనుకోండి. మళ్లీ బయటచేరిందని అత్తగారు పక్క వేరు చేస్తుంది. భర్త దూరంగా పడుకుంటాడు. గర్భం నిలవడానికి అనువైన రోజులు సరిగ్గా అవే! నెలనెలా ఇదే జరిగితే మూడేళ్ల తరువాత ఆ పిల్లను గొడ్రాలంటారు. ఆమె దేహం చెప్పిన మాట ఆమెకే అర్థం కాకుండా చేసి, నింద మాత్రం ఆమె మీదే వేస్తారు. ఇది వైద్యుల సంగతి మాత్రమే కాదు, న్యాయానికి సంబంధించిన సంగతి.

పర్వతం మీద పొగ ఉంటే అక్కడ నిప్పు ఉందని మన నైయాయికులు చెప్పిన ఉదాహరణ పాఠకులలో కొందరికైనా తెలిసి ఉంటుంది. అయితే పొగమంచును చూసి పొగ అనుకుంటే? అక్కడ నిప్పు ఉండదు. నెల మధ్య మరక అటువంటి అనుమానపు గుర్తు. అండం విడుదల వల్ల రావచ్చు; గర్భసంచిలో కంతి, గర్భాశయ ముఖద్వారంలో పుండు, గర్భనిరోధక మాత్రలు, తొలినాళ్ల గర్భం వల్ల కూడా రావచ్చు. కాబట్టి ఆ మరక ఒక్కదాన్ని నమ్ముకొని బిడ్డ కావాలనో వద్దనో నిర్ణయించుకోవడం వివేకం కాదు.

అంతకన్నా నమ్మదగిన గుర్తు ఉంది. రైతుకు అదను వేరు, పదును వేరు. పంచాంగం అదను చెబుతుంది. పదును మాత్రం మట్టిని చేత్తో నలిపి చూస్తేనే తెలుస్తుంది. స్త్రీ దేహంలో ఆ పదును జిగురు రూపంలో ఉంటుంది. బహిష్టు ఆగాక కొన్నాళ్లు పొడిగా ఉండి, తరువాత చిక్కటి జిగురు, ఆపైన పచ్చి కోడిగుడ్డు తెల్లసొన మాదిరిగా పారదర్శకంగా, సాగే జిగురు వస్తుంది. అండం బ్రతికేది ఒక్కరోజే. పురుష బీజకణాలు మాత్రం ఆ జిగురులో ఐదు రోజుల వరకు బ్రతుకుతాయి. దీన్ని తెల్లబట్ట రోగమని భయపడి నాటుమందులు వాడేవారున్నారు. దురద, దుర్వాసన లేకుంటే భయపడవలసిన పనిలేదు.

మన దేశంలో ఈ చరిత్ర పాతదే. 1950ల తొలినాళ్లలో కేంద్ర ఆరోగ్య మంత్రి రాజకుమారి అమృత్ కౌర్ కాలంలో, ప్రపంచ ఆరోగ్య సంస్థ సహాయంతో, మైసూరు రాష్ట్రంలోని రామనగరంలోను, ఢిల్లీ లోదీ కాలనీలోను రంగుపూసల దండలిచ్చి రోజులు లెక్కపెట్టడం నేర్పారు. జపమాల తిప్పే మనకు ఆ ఆలోచన ముచ్చటగానే ఉంటుంది గాని, ఫలితం అంతంతమాత్రమే. దండలోని పూసలు మారవు, నెలసరి మారుతుంది. అదే దశాబ్దంలో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో డాక్టర్ జాన్ బిల్లింగ్స్ స్త్రీలనే అడిగి, వారు గమనించిన జిగురు మార్పులను ఒక పద్ధతిగా కూర్చాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ బెంగళూరుతో సహా ఐదు కేంద్రాల్లో దాన్ని పరీక్షించి 1981లో ఫలితాలు ప్రకటించింది. నూటికి 93మంది స్త్రీలు మొదటి నెలసరిలోనే గుర్తు పట్టగలిగారు.

అడగడమే అసలు విశేషం. అరిస్టాటిల్ స్త్రీ కేవలం పదార్థాన్ని ఇస్తుందని, రూపం పురుషుడిదని రాశాడు. పునీత తోమాసు అక్వినాసువారు అదే అనుసరించారు. మన ధర్మశాస్త్రాలు స్త్రీని క్షేత్రమన్నాయి, పురుషుణ్ణి బీజదాత అన్నాయి. (నేను చెప్పిన పొలం పోలిక కూడా అంతకుమించి సాగదీయరాదు.) 4వ శతాబ్దంలో మనీకేయులు బహిష్టు శుద్ధి కాగానే వచ్చే రోజులే గర్భానికి అనువైనవని భావించినట్లు పునీత అగుస్తీనువారి రచన వల్ల తెలుస్తుంది. క్షీరదాల అండాన్ని కార్ల్ ఎర్నెస్ట్ ఫాన్ బేయర్ కనుగొన్నది 1827లో! రెండువేల ఏళ్లపాటు పండితులు అండం సంగతి తెలియకనే తీర్పులు చెప్పారు.

మైల మాటకొస్తే, లేవీయకాండము 15వ అధ్యాయాన్ని ఉదహరించేవారు మార్కు సువార్త 5వ అధ్యాయాన్ని కూడా చదవాలి. పన్నెండేళ్లు రక్తస్రావంతో బాధపడిన స్త్రీ జనసమూహంలో ప్రభువు వస్త్రాన్ని తాకింది. ఆయన మైలపడ్డానని అనలేదు. ఆమెను కుమార్తె అని పిలిచాడు, అదీ అందరి ఎదుట.

తగిన కారణాలుంటే ఈ సహజమైన రోజులను ఆధారం చేసుకొని కాన్పుల మధ్య ఎడం పాటించవచ్చునని 1968లో ఆరవ పౌలు పాపుగారు తమ విశ్వలేఖ ‘హుమానే వీతే’లో బోధించారు. ఈ మాట మనం పీఠం మీద నుండి చెబుతాం. అయితే ఎవరితో చెబుతున్నాం? పైన చెప్పిన పరీక్షలోనే ఏడాదికి నూటికి ఇంచుమించు ఇరవైమందికి గర్భం వచ్చింది. అందులో అత్యధికం గుర్తు తప్పినందువల్ల కాదు. అనువైన రోజని తెలిసీ నియమాన్ని పక్కన పెట్టినందువల్ల. ఆ పక్కన పెట్టడం ఎవరి పట్టుదల వల్ల జరుగుతుందో పెళ్లయిన పాఠకులకు చెప్పనక్కరలేదు. తాగి వచ్చే భర్త ఉన్న ఇంట్లో భార్య ఎంత చక్కగా గుర్తులు రాసుకున్నా ఏం లాభం? అతడు నేర్చుకోని పద్ధతిని ఆమె ఒక్కతే మోయాలనడం సహజమూ కాదు, న్యాయమూ కాదు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో పెళ్లయిన స్త్రీలలో పదిమందికి దాదాపు ఏడుగురు ఆపరేషన్ చేయించుకున్నవారే. పాతికేళ్లు నిండకముందే చేయించుకునేవారు చాలామంది. పురుషుల సంఖ్య నూటికి ఒకటి కూడా లేదు. వీరిలో ఎందరు తమ దేహపు గుర్తులను ఎవరైనా ఒకసారి విడమరచి చెప్పగా విన్నారు? అజ్ఞానాన్ని నిర్మలత్వమని పొరబడే అలవాటు మన విచారణల్లో ఉంది. పెళ్లి సిద్ధపాటు తరగతిలో ఈ పాఠం వచ్చేసరికి పెళ్లికొడుకును బయటకు పంపేస్తారు. అతడినే ముందు బల్ల మీద కూర్చోబెట్టాలి.

ఒక హెచ్చరిక. మరక ప్రతినెలా ఎక్కువగా వస్తున్నా, కలయిక తరువాత రక్తం కనబడినా, ముట్లుడిగిన తరువాత ఒక్క చుక్క కనబడినా ఆలస్యం చేయక ఆసుపత్రికి వెళ్లండి. గర్భాశయ ముఖద్వార క్యాన్సరుకు అది తొలి గుర్తు కావచ్చు. పిల్లలు కలగలేదని వెళ్లేవారైతే దంపతులిద్దరూ కలిసి వెళ్లండి. భర్తకు చేసే వీర్యపరీక్ష నొప్పిలేనిది, ఖర్చు తక్కువది. దానిని ముందే చేయించమని డాక్టరుగారిని మీరే అడగండి.