ఎవరి ప్రాణం? ఎవరి పూచీ?

మనిషి తన మెడ తాను విరగ్గొట్టుకుంటానంటే ప్రభుత్వం అడ్డుపడవచ్చునా? వినడానికి వేదాంతంలా ఉంటుంది గాని, ఈ రోజుల్లో ఇది గుడివాడ పొలం గట్టు మీద వచ్చే ప్రశ్న. వీపున తైవాన్ స్ప్రేయరు తగిలించుకుని మందు కొట్టే కూలీ దొరకడం కష్టమైపోయింది. దాని బదులు ఆరు చేతుల డ్రోన్ ఒకటి ఝుమ్మని లేచి, పది లీటర్ల మందు మోసుకుని, ఎకరం చేనుని పది నిమిషాల లోపే తడిపేసి వచ్చి కూర్చుంటోంది. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. దాని వెనక ఎన్ని కాగితాలున్నాయో చూస్తేనే కళ్ళు తిరుగుతాయి.

మా మేనమామగారికి కాగితాలంటే గిట్టదు. ఆయన మూడెకరాల మాగాణికి మందు కొట్టేది పక్క ఊరి కుర్రాడు. పదో తరగతి తప్పాడు. సర్టిఫికెట్ లేదు. కాని ఆ చెయ్యి చూడాలి! కరెంటు తీగల కిందుగా, కొబ్బరి మట్టలకు తగలకుండా, అద్దం మీద చీమ నడిచినట్టు నడిపిస్తాడు. ఆ దగ్గర్లోనే డ్వాక్రా సంఘం అమ్మాయి ఒకావిడ ఉంది. పద్ధతిగా శిక్షణ పొంది, సర్టిఫికెట్ తెచ్చుకుంది. మామయ్యగారు మాత్రం కుర్రాడినే పిలుస్తారు. ఎకరానికి యాభై తక్కువ కూడాను.

"ఏరా అబ్బాయ్, ఎదురుమొండి పంటు ఎక్కినప్పుడు సరంగుని సర్టిఫికెట్ చూపించమని అడిగావుట్రా? వాడి తాత నడిపాడు, బాబు నడిపాడు, వాడు నడుపుతున్నాడు. డెబ్భై ఏడు ఉప్పెన తర్వాత దివిసీమలో పడవలేసుకుని తిరిగినవాళ్ళకి ఎవడిచ్చాడు పట్టా?"

ఈ వాదనలో బలం లేదనడానికి నాకు నోరు రాదు. 1977 నవంబరు 19 రాత్రి తర్వాత ఆ నీళ్ళలో పనికొచ్చింది చేతి వాటమే తప్ప చేతిలో కాగితం కాదు. కాని ఇంకో నవంబరు కూడా ఉంది. 2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం దగ్గర పవిత్ర సంగమంలో బోటు బోల్తాపడి ఇరవై మందికి పైగా పోయారు. ఎక్కువమంది ఒంగోలు వైపు నుంచి వచ్చినవాళ్ళు. ఆ బోటుకి అనుమతి లేదని తర్వాత తెలిసింది. ఎక్కేటప్పుడు వాళ్ళకేం తెలుసు? ఎదురుమొండి వాడికి సరంగు తాత తెలుసు. ఒంగోలు వాడికి తెలియదు. నేననుకునేదేమంటే, సర్టిఫికెట్ అనేది పనితనానికి బదులు కాదు, పరిచయానికి బదులు. ఊళ్ళో అందరూ అందరికీ తెలిసినన్నాళ్ళూ దాని అవసరం పడలేదు.

విమానాల సంగతీ అంతే. 1903లో రైట్ సోదరులు ఎగిరినప్పుడు లైసెన్సు అడగడానికి ఇచ్చేవాడే లేడు. మన దేశంలో మొదటి పైలట్ లైసెన్సు 1929 ఫిబ్రవరి 10న జె.ఆర్.డి. టాటా గారికి ఇచ్చారు. విమానాలు పెరిగాయి, రూల్సూ పెరిగాయి. చివరికి సరదాకి ఎగురుదామనుకునే సామాన్యుడికి ఆకాశం అందకుండా పోయింది. అప్పుడు అమెరికా వాళ్ళు ఒక తమాషా మెట్ల వరుస కట్టారు. నాకు అందులో ఇంజనీరింగు కంటే నీతిశాస్త్రమే ఎక్కువ కనిపిస్తుంది.

మొదటి మెట్టు 1982లో. ఒకే కుర్చీ, ఇంజనుతో సహా 254 పౌన్ల లోపు బరువు, అంటే మన లెక్కన సుమారు 115 కిలోలు. పైలట్‌కి లైసెన్సు అక్కర్లేదు, విమానానికి యోగ్యతాపత్రం అక్కర్లేదు. ఊళ్ళ మీదికి, జనం మీదికి మాత్రం రాకూడదు. అంటే ఏమిటన్నమాట? "నాయనా, నీ మెడ నీది, విరగ్గొట్టుకుంటే నీ ఖర్మ, పక్కవాడి నెత్తిన పడకు" అని. రెండో మెట్టు 2004లో. రెండు కుర్చీలు, 1,320 పౌన్ల దాకా బరువు. కనీసం ఇరవై గంటలు ఎగరడం నేర్చుకుని పరీక్షలు నెగ్గితే చాలు. డాక్టరు సర్టిఫికెట్ బదులు కారు లైసెన్సు చూపించినా సరిపోతుంది. ఒక్క ప్రయాణికుణ్ణి ఎక్కించుకోవచ్చు.

అసలు రుచి రిపేరు చేసేవాడి దగ్గరుంది. తన సొంత చిన్న విమానాన్ని ఏటా తనిఖీ చేసుకోవాలంటే పదహారు గంటల క్లాసు చాలు. అదే చేత్తో పరాయివాడి విమానం బాగుచేసి డబ్బు పుచ్చుకోవాలంటే 2004 నాటి రూల్సులో నూట ఇరవై గంటలు ఉండేది! బోల్టు అదే, స్పానరు అదే. మారిందల్లా పైన కూర్చునే మనిషి. నా ప్రాణానికి పదహారు, నీ ప్రాణానికి నూట ఇరవై. ఇంత శుభ్రంగా అంకెల్లో రాసిన ధర్మశాస్త్రం నేనింకెక్కడా చూడలేదు. మొన్న 2025లో ఈ రూల్సు ఇంకా సడలించారు. నాలుగు కుర్చీల విమానం కూడా ఇలాంటి పైలట్ నడపవచ్చునట. కాని ఎక్కించుకునేది మాత్రం ఒక్కణ్ణే. మిగతా రెండు కుర్చీలూ సామాన్లకి కాబోలు.

ఇంకో మాట. అక్కడ ఇంట్లో కట్టుకున్న విమానంలో ప్రయాణికుడికి కనిపించేలా ఒక పలక పెడతారు, ఇది మామూలు విమానాలకు పెట్టిన భద్రతా నియమాల ప్రకారం చేసింది కాదు అని. బందరు వాళ్ళకి ఇది కొత్త కాదు లెండి. చిలకలపూడి నగ అమ్మేవాడు అది బంగారమని చెప్పి అమ్మడు. ఫలానా అని చెప్పే అమ్ముతాడు, కొనేది తెలిసే కొంటుంది. మన ఆటోల వెనక కవిత్వం బోలెడుంటుంది గాని ఇలాంటి నిజం ఒక్కటీ ఉండదు.

ఇంతవరకూ బాగానే ఉంది. ఇప్పుడు డ్రోన్ దగ్గరికి రండి. ఈ మెట్ల వరుస ఇక్కడ ఒక్కసారి కూలిపోతుంది. ఎందుకంటే డ్రోన్ మీద ఎవరూ కూర్చోరు! నా మెడ, నా ఖర్మ అనడానికి మెడే లేదు. గట్టు మీద నించుని మీట నొక్కే వాడికి పోయేదల్లా డబ్బు. ప్రమాదమంటూ వస్తే దాదాపు అంతా పరాయివాడిదే. కాబట్టి మామయ్యగారి పడవ పోలిక ఇక్కడ పూర్తిగా అతకదు. పడవ మునిగితే సరంగూ మునుగుతాడు.

మన డ్రోన్ రూల్సు 2021 ఆగస్టులో వచ్చాయి. అంతకుముందు ఇరవై అయిదు ఫారాలుండేవి, వాటిని అయిదుకి తగ్గించారు. అందుకు సంతోషించాలి. బరువుని బట్టి తరగతులు చేశారు: 250 గ్రాముల లోపు, రెండు కిలోల లోపు, 25 కిలోల లోపు, 150 లోపు, ఆ పైన. బొమ్మలాంటి చిన్నవాటికి సర్టిఫికెట్ అక్కర్లేదు. మందు కొట్టే దానికి కావాలి. వయసు పద్ధెనిమిది దాటాలి, పదో తరగతి పాసవాలి, అనుమతి ఉన్న సంస్థలో నేర్చుకోవాలి. తప్పితే జరిమానా లక్ష దాకా.

బరువెక్కువైతే పడినప్పుడు దెబ్బ ఎక్కువ, నిజమే. కాని మన డెల్టాలో భయం డ్రోన్ నెత్తిన పడుతుందని కాదండీ. నందివాడ వైపు వెళ్ళి చూడండి. ఇటు వరి, అటు చేపల చెరువు, మధ్యన గట్టు. నాగాయలంక, కోడూరు వైపు రొయ్యల చెరువులు. పైరు పురుగుకి వాడే సింథటిక్ పైరెత్రాయిడ్ మందులు చేపకీ రొయ్యకీ పరమ విషం. గాలి కాస్త అటు తిరిగిందా, సన్నటి తుంపర గట్టు దాటుతుంది. చెరువతను మందు కొట్టమనలేదు, డ్రోన్ ఎక్కలేదు, టిక్కెట్టు కొనలేదు. నష్టం మాత్రం ఆయనది. యంత్రం ఎన్ని కిలోలని తూచాం సరే, దాని కడుపులో ఉన్న పది లీటర్ల మాటేమిటి?

ఈ విషయంలో ఒక మంచి పని జరిగింది. 2023లో కేంద్రం ప్రకటించిన డ్రోన్ దీదీ పథకంలో మహిళా సంఘాల వాళ్ళకు పదిహేను రోజుల శిక్షణ పెట్టారు. అందులో ఎగరేయడానికి అయిదు రోజులే. మిగతా పది రోజులూ ఎరువులు, పురుగుమందులు చల్లడం గురించి. ఈ అయిదూ పదీ వేసిన మహానుభావుడెవరో గాని పొలం చూసినవాడే!

అందుకే మొన్న మినపచేలో ఆవిడ పని చేస్తుంటే వెళ్ళి నించున్నాను. వెదురు కర్రకి పాత చీర పీలిక కట్టి గట్టు మీద పాతింది. అది చెరువు వైపు ఎగురుతోంది. డ్రోన్ దింపేసింది. "సాయంత్రం చూద్దామండీ, ఇప్పుడు పడదు" అంది. మామయ్యగారి కుర్రాణ్ణి గాలి సంగతి అడిగితే, "ఎంత గాలొచ్చినా లైను తప్పదండీ, దాని చిప్పు అలాంటిది" అన్నాడు. డ్రోన్ లైను తప్పదు, నిజమే. మందు తప్పుతుంది.

అయితే ఆ కుర్రాడికి నేను వ్యతిరేకిననుకునేరు. పదో తరగతి హిందీ తప్పినవాడు డ్రోన్ ఎందుకు నడపకూడదో నాకు ఎంత ఆలోచించినా బోధపడలేదు. గాలి చూడ్డం నేర్పండి, మందు డబ్బా మీది ముక్కలు చదివించండి, చేత్తో చేయించి పరీక్ష పెట్టండి, తప్పితే ఇంటికి పంపండి. అంతేగాని ఎప్పుడో తప్పిన హిందీ పరీక్షని చూపించి గట్టు మీదికే రావద్దంటే, అది చెరువు చేపని కాపాడ్డానికి పెట్టిన రూలు కాదు. ఇలాంటి షరతు వల్లే మామయ్యగారి లాంటివాళ్ళకి అసలు రూల్సన్నీ దండగే అనిపిస్తుంది.

ఇక రిపేరు చేసేవాడు. యంత్రానికి టైప్ సర్టిఫికెట్ ఉంది, నడిపేవాళ్ళకి సర్టిఫికెట్ ఉంది. డ్రోన్ కొబ్బరిచెట్టుకి కొట్టుకుని చెయ్యి విరిగితే అతికేవాడికి? ఆ అయిదు ఫారాల్లో అతని కోసం ఒక్కటీ లేదు. దీదీ పథకంలో రిపేర్ల మీద ఆసక్తి ఉన్న ఇంకొకరిని సహాయకులుగా తీసుకోమన్నారు, అదొక్కటే ఊరట. వాస్తవంలో ఏమవుతుంది? గుడివాడలో పంపు మోటార్లు చుట్టే షెడ్డుకి వస్తుంది. ఆ మెకానిక్కు ఘటికుడే. అక్కడ పంపుసెట్ల మధ్య నాలుగు డ్రోన్లు కాళ్ళు పైకి పెట్టి పడుకుని ఉన్నాయి.

అతన్ని అడిగాను. "సర్టిఫికెట్ సంగతి వదిలెయ్. ఒక నోటుపుస్తకం పెట్టుకోకూడదుటయ్యా? ఏ రోజు, ఏ డ్రోన్‌కి, ఏ రెక్క మార్చావు, కింద నీ సంతకం. విమానాలకి అలాగే రాస్తారు."

"సంతకం పెడితే రేపు ఏదన్నా అయితే నా మీదికొస్తది గదండీ."

"అందుకే పెట్టమంటున్నది."

చేతిలో ఉన్న రెక్కని ఎండకి ఎత్తి, దాని అంచు వెంట బొటనవేలు పోనిచ్చి, కాసేపు చూశాడు. పక్కన పడేసి, డబ్బాలోంచి కొత్తది తీశాడు.

"అట్టయితే కంపెనీ రెక్కలే వేస్తానండీ. కాని రేటు పెరుగుద్ది."